పిడుగు రాజేసిన మంటను ఏం చేయాలి?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు నా చేతిలో ఉన్న ఈ కాయను చూడండి. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు సరిగ్గా కనపడదు కాబట్టి ఎలా ఉందో చెబుతాను. కోడిగుడ్డు కంటే చిన్నది. బూడిద రంగు. ఒంటినిండా చెక్క పొలుసులు, ఒక్కో పొలుసు చివర సన్నటి ముల్లు. లాడ్జ్‌పోల్ పైన్ అనే చెట్టు కాయ ఇది. ఉత్తర అమెరికా పడమటి కొండల్లో లక్షల ఎకరాల్లో పెరుగుతుంది. గోరు పెట్టి పొలుసు లేపుదామంటే లేవడం లేదు, చూడండి. సందుల్లో బంక గట్టిపడి తాళం వేసినట్టు పట్టేసింది. లోపల గింజలున్నాయి. కొమ్మకు ఇలాగే అతుక్కుని ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. వానలు పడతాయి, మంచు కురుస్తుంది, ఎండ కాస్తుంది, కాయ మాత్రం నోరు తెరవదు. 45 నుంచి 60 డిగ్రీల వేడి తగిలిన రోజున బంక కరుగుతుంది, పొలుసులు విచ్చుకుంటాయి, అప్పుడే కాలిన నేల మీద గింజలు రాలతాయి. కొమ్మ మీదున్న కాయకు అంత వేడి పంపేది కార్చిచ్చే.

ఈ జాతిలో అన్ని చెట్లూ ఇలా మూసుకుపోయిన కాయలే కాయవు. మామూలుగా విచ్చుకునే కాయలు కాసే చెట్లు కూడా ఉంటాయి. అయినా ఒక చెట్టు తన సంతానాన్ని మంటకు అప్పగించి కూర్చుందంటే, ఆ అడవికీ మంటకూ ఎంత పాత పరిచయమో ఆలోచించండి. మనం ఫైరింజన్ కనిపెట్టడానికి లక్షల ఏళ్ల ముందు నుంచీ ఉన్న పరిచయం అది.

పిడుగు పడి అడవి అంటుకుంటే ఆర్పాలా, కాలనివ్వాలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. మంటకు అలవాటుపడిన అడవుల్లో, గాలీ ఎండా అనుకూలంగా ఉన్న రోజుల్లో, కాలనివ్వాలి. అయితే ‘వదిలేయాలి’ అనే మాట నేను వాడను. మన భాషలో ఈ రెండు మాటలకూ మధ్య చాలా దూరం ఉంది. పిల్లాణ్ణి ఆడుకోనివ్వడం వేరు, పిల్లాణ్ణి వదిలేయడం వేరు. పొయ్యిని వెలగనిస్తాం. వెలుగుతున్న పొయ్యిని వదిలేసి ఊరెళ్లిపోం. కాలనివ్వడం అంటే పక్కనే కాపలా కాస్తూ, గాలి ఎటు తిరుగుతోందో చూస్తూ, ఎక్కడ ఆపాలో ముందే గీత గీసుకుని కాలనివ్వడం. అది ఆర్పడం కంటే తక్కువ పని కాదు.

ఇప్పుడు తెర మీద ఫొటో చూడండి. పాండరోసా పైన్ మొద్దును అడ్డంగా కోసిన చెక్క బిళ్ల ఇది. ఏడాదికి ఒకటి చొప్పున వలయాలు కనిపిస్తున్నాయి కదా. ఇదిగో, ఈ అంచున నల్లటి గీతలు, పుండు మానినట్టు చెక్క మెలితిరిగి లోపలికి ముడుచుకున్న చోటు. కింద మంట వెళ్లినప్పుడు చెట్టు బెరడు ఒక పక్క కాలి, దాని కిందున్న పచ్చి పొర చచ్చిపోతుంది. మరుసటి ఏడాది చెట్టు ఆ గాయం మీదకి కొత్త చెక్క తెచ్చి కప్పుకోవడం మొదలుపెడుతుంది. అలా ప్రతి మంటా ఒక మచ్చ వదిలి వెళ్తుంది. మచ్చకూ మచ్చకూ మధ్య వలయాలు లెక్కపెడితే ఎన్నేళ్లకోసారి మంట వచ్చిందో తెలుస్తుంది. అమెరికా నైరుతి ప్రాంతపు పాండరోసా అడవుల్లో చాలాచోట్ల అయిదేళ్లకు, పదేళ్లకు, పదిహేనేళ్లకు ఒకసారి వచ్చింది. ఒకే చెట్టు అన్ని మంటలూ చూసి బతికింది. ఎందుకు బతికింది? ఆ మంటలు చిన్నవి. మోకాలెత్తున గడ్డినీ రాలిన ఆకునూ చిదుగులనూ తింటూ నేలబారున వెళ్లిపోయాయి. దళసరి బెరడున్న పెద్ద చెట్టుకు అది సెగ తగిలినంతే.

ఇప్పుడు బిళ్ల బయటి అంచుకు రండి. 19వ శతాబ్దం చివర్లో మచ్చలు ఆగిపోతాయి. అక్కణ్ణుంచి బెరడు దాకా, వందేళ్ల చెక్కలో, ఒక్క నల్ల గీత లేదు. మొదట గొర్రెలూ పశువులూ మందలు మందలుగా వచ్చి మంటను మోసుకెళ్లే గడ్డిని మేసేశాయి. తరాలుగా అడవికి తామే నిప్పు పెట్టి చూసుకుంటూ వచ్చిన స్థానిక జాతులను అక్కణ్ణుంచి వెళ్లగొట్టారు. ఆ తర్వాత కనిపించిన ప్రతి మంటనూ ఆర్పడం మొదలైంది.

ఆ ఆర్పడం వెనక ఒక భయం ఉంది. దాన్ని నేను చిన్నచూపు చూడను. 1910 ఆగస్టులో ఐడహో, మాంటానా రాష్ట్రాల్లో అప్పటికే అక్కడక్కడా కాలుతున్న మంటలు పెనుగాలికి కలిసిపోయాయి. రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మంట ఆర్పడానికి వెళ్లినవాళ్లే. అటవీ శాఖ పుట్టి అప్పటికి అయిదేళ్లు. ఆ రెండు రోజులనూ దగ్గర్నుంచి చూసిన కుర్ర అధికారులే తర్వాత్తర్వాత ఆ శాఖకు అధిపతులయ్యారు. వాళ్లలో ఒకరైన ఫెర్డినాండ్ సిల్కాక్స్ కాలంలో, 1935లో, ఒక నియమం వచ్చింది. ఎక్కడ మంట కనిపించినా, కబురు అందిన మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపులోకి తేవాలి. ఆ పూట కుదరకపోతే ఆ తర్వాతి రోజు పదింటికల్లా. కొండల్లో మనిషి జాడలేని చోటైనా సరే. 1940 నుంచి విమానాల్లోంచి పారాచూట్లతో దూకి మరీ ఆర్పారు. ఆ నియమాన్ని పూర్తిగా పక్కన పెట్టడానికి 1978 దాకా పట్టింది.

మంట ఆగింది, అడవి పచ్చగా ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ రాలిన ఆకు రాలుతూనే ఉంది. అంతకు ముందు ప్రతి మంటా ఏరివేసే చిన్న మొక్కలు చెట్లయ్యాయి. పెద్ద చెట్ల నీడలో సన్నగా, ఒత్తుగా, సగం ఎండి నిలబడ్డాయి. ఇప్పుడు నేల మీద అంటుకున్న నిప్పుకు పైకొమ్మల దాకా నిచ్చెన వేసి పెట్టినట్టయింది. ఒకప్పుడు మోకాలెత్తున నడిచి వెళ్లిన మంట ఇప్పుడు ఆ నిచ్చెనెక్కి చెట్ల తలల మీదుగా పరిగెడుతుంది. వందల ఏళ్లపాటు పదుల మంటలను ఓర్చుకున్న ఆ పాండరోసా ఈ ఒక్క మంటకు చచ్చిపోతుంది. అప్పు తీర్చకుండా వడ్డీ మీద వడ్డీ పెరగనివ్వడం లాంటిదిది.

ఇక్కడ ఒక సంగతి దగ్గర కాస్త ఆగుతాను. నాకు ఈ చర్చంతటిలోనూ అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. అమెరికాలో వందకు 97, 98 మంటలను తొలి ప్రయత్నంలోనే ఆపేస్తారు. వినగానే చప్పట్లు కొట్టాలనిపించే అంకె. అయితే ఆపగలిగిన ఆ 97 ఎలాంటివి? గాలి తక్కువగా ఉన్న రోజున, గాల్లో తేమ ఉన్న రోజున, గడ్డి ఇంకా సగం పచ్చిగా ఉన్న రోజున వచ్చినవి. అంటే అడవికి మేలు చేసి వెళ్లిపోగలిగిన మంటలు. మరి ఆపలేకపోయిన రెండు మూడు ఎలాంటివి? నెలల తరబడి వాన లేని రోజున, ఈడ్చి కొట్టే గాలిలో వచ్చినవి. ఏడాది మొత్తంలో కాలే విస్తీర్ణంలో పెద్ద వాటా వాటిదే. మంచి మంటలన్నిటినీ ఏరి ఏరి ఆర్పేసి, చెడ్డ మంటలను మాత్రమే అడవికి మిగులుస్తున్నాం. కావాలని ఎవరూ ఇలా చేయరు. ఆర్పగలిగినప్పుడల్లా ఆర్పితే జరిగేది మాత్రం ఇదే. అడవి ఎప్పటికీ కాలకుండా చూడటం మన చేతుల్లో లేదు. ఏ రోజున కాలాలన్నది మాత్రం కొంత మన చేతుల్లో ఉంది. ఆ కొంతనూ చెడ్డ రోజుకే అప్పజెప్పేస్తున్నాం.

ఖాండవ వనం కథ మీ అందరికీ తెలుసు. అగ్ని ఆ అడవిని కాల్చబోతే ఏనుగులు తొండాలతో, నాగులు పడగలతో నీళ్లు తెచ్చి పోసి ఆర్పేశాయి. ఒకసారి కాదు, ఏడుసార్లు. పైన ఇంద్రుడు వాన కురిపించాడు. చివరికి ఆ వానను అర్జునుడి బాణాలు అడ్డుకున్న రోజున అడవి మొత్తం కాలిపోయింది. అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షిపిల్లలు, మొత్తం ఆరు ప్రాణాలు మిగిలాయి. ఆ కథ చెప్పినవాళ్ల ఉద్దేశం వేరని నాకు తెలుసు. నేను మాత్రం దాన్ని ఎప్పుడు విన్నా, ఆ ఏడుసార్లలో ఏదో ఒకసారి సగమైనా కాలనిచ్చి ఉంటే ఎన్ని ప్రాణాలకు తప్పించుకునే చోటు దొరికేదో అనిపిస్తుంది.

కాలనిచ్చిన చోట ఏం జరిగిందో చూద్దాం. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో ఇల్లిలౌయెట్ అనే వాగు ఉంది. చుట్టూ రాతి కొండలున్న పరీవాహక ప్రాంతం, ఊళ్లకు దూరం. 1970ల మొదటి నుంచి అక్కడ పిడుగు మంటలను చాలావరకు కాలనిస్తున్నారు. యాభై ఏళ్లు దాటింది. ఒక మంట కాల్చిన చోటికి తొమ్మిదేళ్లలోపు ఇంకో మంట వస్తే, పాత మచ్చ అంచున తనంతట తానే ఆగిపోతోందని పరిశోధకులు చూశారు. తినడానికి అక్కడ ఏమీ ఉండదు కాబట్టి. అంటే నిన్నటి మంటే ఇవాళ్టి మంటకు గోడ అవుతుంది. చెట్లున్న విస్తీర్ణం అక్కడ అయిదో వంతుకు పైగా తగ్గింది. వినగానే బాధనిపిస్తుంది. కానీ ఆ ఖాళీల్లో పచ్చికబయళ్లు, తడినేలలు వచ్చాయి. తాగే నోళ్లు తగ్గడంతో నేలలో తేమ పెరిగింది.

ఇక అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు. 1988లో అక్కడ చెలరేగిన మంటల పేరు ఎత్తకుండా ఈ విషయం మాట్లాడితే మీరు ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. ఆ పార్కులో 1972 నుంచి పిడుగు మంటలను కాలనిచ్చారు. 1987 దాకా అలా కాలనిచ్చిన మంటలు 235. అన్నీ కలిసి కాల్చింది 34 వేల ఎకరాలు. చాలావరకు ఒక చెట్టునో, నాలుగు చెట్లనో కాల్చి వాటంతటవే ఆరిపోయాయి. 1988 వసంతంలో మంచి వానలే పడ్డాయి, ఎప్పటిలాగే కొన్నిటిని కాలనిచ్చారు. జూన్ నుంచి వాన ఆగిపోయింది. పార్కు చరిత్రలోనే అంత పొడి వేసవి రాలేదు. జూలై 21 నాటికి అన్ని మంటలనూ ఆర్పాలని నిర్ణయించారు. అప్పటికే ఆలస్యమైంది. ఆగస్టు 20న ఒక్కరోజే లక్షన్నర ఎకరాలకు పైగా అంటుకుంది. ఆ వేసవిలో మొత్తం 25 వేలమంది పనిచేశారు, 12 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. చివరికి సెప్టెంబరు 11న పడిన కాస్త మంచు దాని జోరు తగ్గించింది. లెక్కతేలింది 7,93,880 ఎకరాలు, పార్కులో 36 శాతం.

కాలనిచ్చారు కాబట్టే ఇంత కాలిందని ఆ రోజు దేశమంతా తిట్టింది. ఆ తిట్లలో కొంత న్యాయం ఉంది, జూన్ నెల పొడిగా గడుస్తుంటే ఇంకా ముందే మేలుకోవాల్సింది. కానీ ఆ మంటల్లో అన్నిటికంటే పెద్దది, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ దగ్గరి భవనాల దాకా వచ్చింది, నార్త్ ఫోర్క్ మంట. అది పిడుగు మంట కాదు. పార్కు బయట కట్టెలు కొట్టుకునే మనిషి పారేసిన సిగరెట్‌తో మొదలైంది. దాన్ని మొదటి రోజు నుంచీ ఆర్పాలనే పోరాడారు. ఆగలేదు. అలాంటి వేసవిలో ఏ విధానమూ ఆ అడవిని కాపాడి ఉండేది కాదు.

జంతువుల సంగతి ఎప్పుడూ అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. పార్కులో ఎల్క్ దుప్పులు వేలల్లో ఉండేవి. మంటల్లో చచ్చినవి 345. చాలావరకు మంటకు పక్కకు తప్పుకుని మేత మేస్తూనే ఉన్నాయి. ఆ ఏడాది చలికాలంలో మేత కరువై చచ్చిపోయినవి ఇంకా చాలా ఎక్కువ, అదీ చెప్పాలి. మరోపక్క, మంట వచ్చిందని పరుగెత్తుకొచ్చే ప్రాణులూ ఉన్నాయి. మెలనోఫిలా అనే నల్లటి చిన్న పురుగు మధ్యకాళ్ల పక్కన వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. దూరాన అడవి కాలుతుంటే తెలుసుకుని ఎగిరొచ్చి, ఇంకా వెచ్చగా ఉన్న కాలిన చెట్టు బెరడు కింద గుడ్లు పెడుతుంది. ఆ పురుగు పిల్లల కోసం నల్లవీపు వడ్రంగిపిట్ట వస్తుంది. అది తొలిచిన తొర్రలో మరో ఏడాది ఇంకో పిట్ట కాపురం పెడుతుంది. ఇక ఈ కాయల గింజలు ఎల్లోస్టోన్‌లో కొన్నిచోట్ల ఎకరానికి లక్షల్లో రాలాయి. ఎవరూ మొక్కలు నాటలేదు.

ఆర్పడానికి మనుషులు ప్రాణాలు పెడతారన్నది మనం తరచూ మర్చిపోతాం. మాంటానాలో మిజోరీ నది ఒడ్డున మాన్ గల్చ్ అనే లోయ ఉంది. అక్కడ ఊరు లేదు, ఇళ్లు లేవు. 1949 ఆగస్టులో పిడుగు పడి అంటుకుంది. పదింటి నియమం నడుస్తున్న రోజులు. 5వ తేదీ సాయంత్రం 15 మంది పారాచూట్లతో దూకారు, కింద ఇంకొకరు కలిశారు. చాలామందికి పాతికేళ్లు కూడా లేవు. మంట లోయ దాటి వాళ్ల దారికి అడ్డం వచ్చింది. నిటారైన గుట్ట, నడుం దాకా ఎండుగడ్డి, వెనక మంట, పైకి పరుగు. అప్పుడు నాయకుడు వాగ్ డాడ్జ్ ఆగి, అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికే నిప్పు పెట్టాడు. ఆ గడ్డి కాలిపోగానే వేడి బూడిదలోకి అడుగుపెట్టి, అందరినీ ఇందులోకి రండి అని కేకేశాడు. ఎవరికీ అర్థం కాలేదు. మంట నుంచి పారిపోతుంటే మంటలోకి రమ్మంటాడేంటి? డాడ్జ్ బూడిదలో బోర్లా పడుకున్నాడు. పెద్ద మంట అతని పక్కల నుంచి వెళ్లిపోయింది, అతని కింద కాలడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి. ఇంకో ఇద్దరు పైనున్న రాతి చీలికలోంచి తప్పించుకున్నారు. 13 మంది చనిపోయారు. ఒక్క ఇల్లూ లేని లోయలో గడ్డి కాలకుండా ఆపడానికి వెళ్లి!

ముందే కాలిన నేల ప్రాణం కాపాడుతుందని ఆ సాయంత్రం డాడ్జ్ ఒక్క నిమిషంలో గ్రహించాడు. ఇల్లిలౌయెట్ చెప్పేదీ అదే.

ఇప్పటిదాకా విని, ఏ అడవిలో పిడుగు పడినా చూస్తూ కూర్చోవాలని చెబుతున్నాననుకోకండి. 2019 అక్టోబరు చివర్లో ఆస్ట్రేలియాలో గాస్పర్స్ మౌంటెన్ అనే చోట పిడుగు పడింది. అదీ సహజమైన మంటే. 5 లక్షల హెక్టార్లకు పైగా కాల్చింది. దాని దారిలో ఒక లోయ ఉంది. డైనోసార్ల కాలం నాటి వంశానికి చెందిన వొలెమై పైన్ చెట్లు ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది అక్కడే. 1994 దాకా అవి ఉన్నాయనే ఎవరికీ తెలియదు. మొత్తం రెండొందల లోపే ఉన్నాయి. హెలికాప్టర్లోంచి మనుషులు లోయలోకి దిగి నీటి గొట్టాలు అమర్చి నేలను తడిపారు, పైనుంచి విమానాలు మంటను మందగించే ద్రవం చల్లాయి. ఆ చెట్లు బతికాయి. ఆ మంటను ఆర్పకుండా ఉండాల్సిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అమెజాన్ లాంటి తడి అడవుల చెట్లకు బెరడు పలచన. తగలబడటం అలవాటు లేని అడవి అది, ఒక్క చిన్న మంట చాలు పెద్ద చెట్లు నిలబడ్డ చోటే చచ్చిపోవడానికి. అక్కడ పిడుగు మంటలు చాలా అరుదు, వచ్చేవి దాదాపు అన్నీ మనుషులు పెట్టినవే. వాటిని ఆర్పాల్సిందే.

అందుకే ‘సహజం’ అనే మాట నన్ను ఇబ్బంది పెడుతుంది. ఆ మాటనే నమ్ముకుని దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు ఒక ప్రయోగం చేసింది. 1992లో, ఇకపై పిడుగు మంటలనే కాలనిద్దాం, మనుషులు పెట్టినవి ఆర్పుదాం అని నిర్ణయించారు. పదేళ్లు చూశారు. మనుషుల మంటలు ఎంత ఆర్పినా ఆగలేదు, కాలిన నేలలో ఎక్కువ భాగం వాటి వల్లే. 2001లో ఒక మంట ఇరవైమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఆ పద్ధతి మార్చుకున్నారు. ఎవరు పెట్టారన్నది కాకుండా, ఎప్పుడు ఎక్కడ ఎంత కాలాలన్నది చూసుకుని, మంచి రోజున తామే కాలుస్తున్నారు. నిప్పు పెట్టింది పిడుగా మనిషా అన్నది చెట్టుకు తెలియదు. దానికి తెలిసేది ఎంత సెగ తగిలింది, ఎన్నేళ్ల తర్వాత తగిలింది అన్నదే.

ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్‌లో ఆదివాసులు ఈ సంగతి వేల ఏళ్లుగా ఎరుగుదురు. వానలు ఆగిన కొత్తలో, గడ్డి అడుగున ఇంకా పచ్చిగా ఉండగానే, నడుస్తూ నడుస్తూ చిన్న చిన్న మంటలు పెట్టుకుంటూ వెళ్తారు. రాత్రి మంచుకు అవి ఆరిపోతాయి. అక్కడక్కడా కాలిన మచ్చలు పడతాయి. ఎండలు ముదిరాక పెద్ద మంట వచ్చినా ఆ మచ్చల దగ్గర ఆగిపోతుంది. మధ్యలో వాళ్లను ఆ నేలకు దూరం చేసిన కాలంలో పెద్ద మంటలు పెరిగాయి. 2006 నుంచి పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో 28 వేల చదరపు కిలోమీటర్లలో వాళ్ల పద్ధతే మళ్లీ నడుస్తోంది, హెలికాప్టర్ల సాయం కూడా తీసుకుంటున్నారు.

కాలనివ్వడంలో ఇప్పుడు కష్టం ఎందుకు పెరిగిందో చెప్పాలి. కాలిఫోర్నియా కొండల్లో పెరిగే మహావృక్షాలు, సెక్వోయా చెట్ల బెరడు రెండడుగుల మందం దాకా ఉంటుంది. రెండు మూడు వేల ఏళ్లు బతికి, ఎన్నో మంటలు చూసిన చెట్లవి. వాటి గింజ మొలవాలంటే ఆకు చెత్త కాలి మట్టి బయటపడాలి. ఆ తోపుల్లో పిల్ల మొక్కలే లేవని గమనించి, 1968లో అక్కడి సెక్వోయా, కింగ్స్ కాన్యన్ పార్కుల్లో పిడుగు మంటలను కాలనివ్వడం మొదలుపెట్టారు. మంచి పనే, కానీ పేరుకున్న అప్పు ముందు అది చాలలేదు. 2020లో పిడుగుతో మొదలైన క్యాజిల్ మంటలో ప్రపంచంలోని పెద్ద సెక్వోయాల్లో పదో వంతుకు పైగా చచ్చిపోయాయి. మరుసటి ఏడాది ఇంకొన్ని వేలు. వేడెక్కుతున్న వాతావరణం ఒకపక్క, ఆకు చెత్త ఇంకోపక్క. ఒకప్పుడు రాత్రి చల్లబడి మంట పడుకునేది, ఇప్పుడు రాత్రుళ్లు కూడా కాలుతోంది. అందుకని, మొదటి నుంచీ కాలనిచ్చి ఉంటే ఇవాళ నిశ్చింతగా ఉండేవాళ్లం అన్నంత మాత్రాన, ఇవాళ ఏ మంటనైనా నిశ్చింతగా కాలనివ్వచ్చని కాదు. చాలాచోట్ల ముందు చిన్న చెట్లు నరికి, చలికాలంలో మనమే నిప్పు పెట్టి అప్పు తగ్గించాకే పిడుగుకు దారి ఇవ్వగలం.

తప్పులూ జరుగుతాయి. 2025 జూలై 4న గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచున పిడుగు మంట మొదలైంది. మొదట కొంత మేరకే పరిమితం చేసి కాలనిద్దాం అనుకున్నారు. వారం తిరిగేసరికి గాలి లేచింది. గ్రాండ్ కాన్యన్ లాడ్జ్‌తో సహా పదుల భవనాలు కాలిపోయాయి. అదృష్టవశాత్తూ అందరినీ ముందే ఖాళీ చేయించారు. జూలై మొదట్లో, వాన రాకముందు, భవనాలకు అంత దగ్గరలో ఉన్న మంటకు ఆ అవకాశం ఇవ్వకూడదని నా అభిప్రాయం. 2021లో కాలిఫోర్నియాలో టమరాక్ మంట కూడా అంతే, రాతి గుట్ట మీద ఒక చెట్టుతో మొదలైంది, పన్నెండు రోజులు నిద్రపోయి లేచి ఇళ్లు కాల్చింది. నిర్ణయం తీసుకున్నవాళ్లను అడగాల్సిందే.

కానీ ఇంకోవైపు నుంచి కూడా చూడండి. కొండల్లో ఒక అధికారిణి ఉంది. రాత్రి ఉరుముల తర్వాత తెల్లవారి మూడు చోట్ల పొగ కనిపించింది. మూడూ ఆర్పిస్తే ఆమెను ఎవరూ ఏమీ అనరు. ఆ ఆర్పిన మంటల చెత్త ఇరవై ఏళ్ల తర్వాత అంటుకుని ఊరు కాలితే, ఆ రోజు ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు. అదే ఒకటి కాలనిస్తే, అది తప్పితే, మర్నాడే ఆమె ఫొటో పేపర్లో వస్తుంది. ఇలాంటప్పుడు ఆమె ఏం చేస్తుంది? వానాకాలంలో, తీరిగ్గా, మ్యాపు ముందు కూర్చుని, ఏ గుట్ట దాకా కాలనివ్వచ్చు, ఏ వాగు దాటితే ఆపాలి, ఎంత గాలి దాటితే మాట మార్చుకోవాలి, పొగ ఏ ఊరి మీదకి వెళ్తుంది, అక్కడి ఉబ్బసం ఉన్నవాళ్లకు ముందు ఎవరు చెబుతారు అన్నది రాసిపెట్టుకుని ఉంటే, ఆ రాత్రి ఆమె ఒంటరిగా ఉండదు. ఆ కాగితం లేకపోతే ఆర్పేయమనే నేనూ చెబుతాను. చేతులు కాలాక పట్టుకునే ఆకులు అక్కడ దొరకవు.

అడవి అంచున ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఒక మాట. చాలా ఇళ్లకు మంటలు నడుచుకుంటూ వచ్చి అంటుకోవు. గాలికి కిలోమీటర్ల దూరం నుంచి ఎగిరొచ్చిన నిప్పురవ్వ చూరు నీళ్లు పోయే గొట్టంలో పేరుకున్న ఎండుటాకుల మీద పడుతుంది. జ్యాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చెబుతున్నదిదే, ఇల్లు నిలుస్తుందా కాలుతుందా అన్నది ఎక్కువగా ఇంటికీ చుట్టూ ముప్ఫై మీటర్లకూ సంబంధించిన విషయం. ఆ ముప్ఫై మీటర్లూ శుభ్రంగా ఉంచుకున్న ఊరు, కొండ మీద అధికారిణికి ఒక అవకాశం ఇచ్చినట్టు. ఆ గొట్టం ఊడ్చుకోవడానికి ఏ విధానమూ మారక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ప్రశ్నలకు ఇంకో పావుగంట ఉందంటున్నారు. ఈ కాయను ముందు వరుస నుంచి అందిస్తాను, ఒకరి చేతిలోంచి ఒకరికి వెనకదాకా వెళ్లనివ్వండి. పొలుసు సందులో వేలు పెట్టి చూడండి, గట్టిపడిన బంక గరుగ్గా తగులుతుంది.